మామూలు వాడకం

2024 మే నెల. పాల్వంచలో మా ఇంటి వరండాలో కూర్చుని నాన్న ఒక పాత నవల చదువుకుంటున్నాడు. చేతిలో ఉన్నది పుస్తకం కాదు, టాబ్లెట్. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యాక అచ్చు అక్షరాలు ఆయనకి ఆనడం లేదు. రెండు వేళ్ళతో సాగదీస్తే ఆవగింజంత అక్షరం రేగుపండంత అవుతుందని చెప్పి నేనే హైదరాబాదులో కొని తెచ్చాను. తెచ్చి పది రోజులైనా కాలేదు.

"అరేయ్, ఇది మళ్ళ పండుకున్నది" అని కేకేశాడు.

వెళ్ళి చూస్తే నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం. వేడెక్కింది, చల్లబడేదాకా వాడడానికి వీల్లేదు అని. వెనక రేకు ముట్టుకుంటే అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన పాల గిన్నెలా ఉంది. ఏమంటుంది అని అడిగాడు నాన్న. చల్లబడాలంట అన్నాను. ఆయన కాసేపు దాన్నే చూసి, "మంచిదే. నోరు తెరిచి అడుగుతున్నది" అని పక్కన పెట్టి, తువ్వాలతో విసురుకోవడం మొదలుపెట్టాడు. దానికి కాదు, తనకి.

ఈ పత్రికలో నేను ఇన్నాళ్ళూ పుస్తకాల గురించే రాశాను. ఇప్పుడొక టాబ్లెట్ గురించి రాస్తున్నందుకు పాఠకులు విసుక్కోకండి. ఆ మాట, "అడుగుతున్నది" అన్న మాట, నన్ను ఏడాదికి పైగా వదల్లేదు.

ముందు వేడి సంగతి చెప్పాలి. ఆట ఆడితే వేడెక్కుతుంది, వీడియోలు చూస్తే వేడెక్కుతుంది, సరే. ఊరికే పుస్తకం చదివితే ఎందుకు? నాన్న చదివేది స్కాన్ చేసిన పీడీఎఫ్. అందులో ఒక్కో పేజీ ఒక్కో పెద్ద బొమ్మ. అక్షరాన్ని సాగదీసినప్పుడల్లా ఆ బొమ్మని మళ్ళీ గీయాలి. వరండాలో వెలుతురెక్కువ కాబట్టి తెర వెలుగు చివరిదాకా పెట్టుకుంటాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి చార్జింగ్ వైరు పెట్టే చదువుతాడు, దానితో లోపల బ్యాటరీ తన వేడి తను పుట్టిస్తూ ఉంటుంది. పైగా చూడ్డానికి బాగుంటుందని నేనే కొన్న తోలు తొడుగు. ఎండాకాలం మనిషికి స్వెట్టర్ వేసినట్టే అది.

వీటిలో ఏ ఒక్కటీ వింత వాడకం కాదు. ఒక ముసలాయన వరండాలో కూర్చుని పుస్తకం చదువుతున్నాడు, అంతే.

టాబ్లెట్‌లో ఫ్యాను ఉండదు. లోపల పుట్టిన వేడి వెనక రేకులోకి పాకి, అక్కడి నుంచి గాలిలోకి పోవాలి. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది, ఎంత తేడా ఉంటే అంత జోరుగా. గది 25 డిగ్రీలుండి రేకు 40 ఉంటే 15 డిగ్రీల తేడా. ఆ జోరు చాలు, లోపల పుట్టేదంతా బయటికి పోతుంది. అదే గాలి 44 ఉంటే? అదే జోరు కావాలంటే రేకు 59కి ఎక్కాలి. అంత వేడిని చెయ్యి పట్టలేదు, లోపలి బ్యాటరీ అసలే పట్టలేదు. అందుకని లోపలి ప్రోగ్రాము ముందు పనిని నెమ్మది చేస్తుంది, తర్వాత తెర వెలుగు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపుతుంది, చివరికి ఆ వాక్యం చూపించి కళ్ళు మూసుకుంటుంది. మా భాషలో దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. నాన్న భాషలో పండుకోవడం.

కొత్త వస్తువు కదా అని ఖమ్మం తీసుకెళ్ళాను. కొత్తగూడెం, జూలూరుపాడు, ఏన్కూరు మీదుగా బస్సు. దారంతా కిటికీలోంచి సెగ కొడుతుంటే టాబ్లెట్‌ని బట్టల సంచిలో, బట్టల మధ్యన పెట్టాను. సర్వీస్ సెంటర్ అద్దాల గది, చల్లగా ఉంది. కుర్రాడు దాన్ని ఒక తీగకి తగిలించి నలభై నిమిషాలు ఏవో పరీక్షలు నడిపాడు. అది బుద్ధిమంతుడిలా అన్నీ చేసింది. "నార్మల్‌గానే ఉందన్నా" అన్నాడు. మా ఊళ్ళో ఆగిపోతుంది తమ్ముడూ అన్నాను. "ఏసీలో వాడమనండి అన్నా" అన్నాడు. వెటకారమేమీ లేదు, నిజంగానే సాయం చేద్దామని అన్నాడు. చేతికిచ్చిన కాగితం మీద మామూలు వాడకంలో లోపమేదీ కనబడలేదని రాసి ఉంది.

మామూలు వాడకం. తిరుగు బస్సులో ఆ మాటని పట్టుకుని కూర్చున్నాను.

పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకాన్ని మామూలుగా ఎవరూ చదవరు. ఆ రోజు చదివాను. వాడుకకు తగిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు అని ఉంది. ఈ ఒక్క కంపెనీ పాపమేమీ కాదు. ఆపిల్ వాళ్ళు ఐప్యాడ్‌కి బహిరంగంగా రాసిపెట్టిన అంకె కూడా అదే, 0 నుంచి 35. దీనిలో మోసమేమీ లేదు. బ్యాటరీ రసాయనం నిజంగానే అంతకన్నా వేడిలో తొందరగా ముసలిదవుతుంది. కానీ ఆ అంకెని మా ఊరి క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. మార్చి సగం నుంచి జూన్ మొదటి వానల దాకా పాల్వంచలో పగలు 35కి తక్కువగా ఉండే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మే నెలలో 44, 45 అంటే పేపర్లో జిల్లా పేజీ వార్త. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. రోళ్ళు పగిలే ఊళ్ళో టాబ్లెట్ ఆగిందని నేను ఫిర్యాదు పట్టుకుని తిరుగుతున్నాను.

అంటే ఏడాదిలో మూడు నెలలు మా ఊరు మామూలు కాదు. అక్కడ బతకడమే మామూలు కాని వాడకం.

ఇక్కడ ఆగి కంపెనీల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. నేనూ రెండు రోజులు తెచ్చుకున్నాను. మూడో రోజున ఒక పాత సంగతి గుర్తొచ్చింది.

నేను పనిచేసే చోట, కొన్నేళ్ళ కింద, పొలాల్లో తిరిగి వివరాలు రాసుకునేవాళ్ళ కోసం ఒక యాప్ రాశాం. ఒక రోజు టికెట్ వచ్చింది. మధ్యాహ్నం పూట యాప్ ఆగిపోతోంది, ట్యాబ్ చేతిలో పట్టుకోలేకపోతున్నాం అని. ఎవరు పంపారో తెలియదు. వరసలో ఒక నంబరు, అంతే. నేను మా ల్యాబ్‌లో రెండు ట్యాబ్‌లు తీసుకుని గంటసేపు నడిపాను. ఏమీ కాలేదు. మా ల్యాబ్ ఎప్పుడూ 23 డిగ్రీల్లో ఉంటుంది. పనివేళలు అయిపోయేదాకా శాలువా కప్పుకుని కూర్చునే అమ్మాయిలున్నారు మా టీములో. 'మా దగ్గర ఈ సమస్య రావడం లేదు' అని రాసి టికెట్ మూసేశాను. అప్పటికి అది అబద్ధం కాదు.

ఆ యాప్ సెకనుకొకసారి జీపీఎస్‌ని నువ్వెక్కడున్నావని అడుగుతూ ఉండేది. తెర ఆరిపోకుండా పట్టి ఉంచేది. రెండూ నేను రాసినవే. అరనిమిషానికొకసారి అడిగినా సరిపోయేది. ఎందుకలా రాశానంటే, మ్యాపు మీద చుక్క సాఫీగా జరుగుతుంటే డెమోలో బాగుంటుందని.

సర్వీస్ సెంటర్ కుర్రాడు నా చేతికిచ్చిన కాగితం, నేను ఆ తెలియని మనిషికి ఇచ్చిన కాగితం, రెండూ ఒకటే. ఇద్దరం చల్లటి గదుల్లో కూర్చుని నిజమే రాశాం. మన గదిలో జరగనిది జరగలేదనడానికి అబద్ధాలాడే పని లేదు. కళ్ళతో చూసి, కొలిచి, నిజాయితీగా రాసినా సరిపోతుంది. ఇంజనీరింగులో నాలుగేళ్ళు కొలవడం నేర్పారు. ఎక్కడ నిలబడి కొలవాలో ఏ పేపర్లోనూ అడగలేదు.

వేడి గురించి ఆలోచించడం మొదలుపెడితే అది టాబ్లెట్‌తో ఆగదు. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరే తర్వాత కంపెనీ పేరయింది. ఆ బొగ్గు మా పాల్వంచ కేటీపీఎస్‌లో మండుతుంది. మండిన బొగ్గులోని శక్తిలో మూడో వంతు, కొత్త యూనిట్లయితే నూటికి నలభై దాకా కరెంటవుతుంది. మిగిలినదంతా వేడే. దాన్ని వదిలించుకోవడానికే కిన్నెరసాని నీళ్ళు, దానికే ఆ కూలింగ్ టవర్లు. నా చిన్నప్పుడు వాటిలోంచి మబ్బులు తయారవుతాయనుకునేవాణ్ణి. పాత టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో మందుపెట్టి కూల్చేశారు. ఎన్నో ఏళ్ళుగా ఊరి ఆనవాలుగా ఉన్నవి కాసేపట్లో దుమ్మయ్యాయి. ఆ వీడియో నాన్న ఈ టాబ్లెట్‌లోనే పదిసార్లు చూశాడు. వానాకాలం కాబట్టి అది వేడెక్కలేదు.

మా ఇంటి కరెంటు అచ్చంగా అక్కడిదేనని చెప్పలేను. గ్రిడ్‌లో కలిశాక ఎవరి కరెంటు ఎవరిదో తెలియదు. కానీ ఈ నేల కింద బొగ్గుగా ఉన్నది సగానికి పైగా కిన్నెరసాని ఆవిరిలోనే పోయి, మిగిలింది తీగల్లో పడి వచ్చి, చివరికి నాన్న అరచేతిలో మళ్ళీ వేడిగానే తేలింది. టాబ్లెట్ తీసుకున్న కరెంటు చివరికి వేడి కావలసిందే. మధ్యలో కాసేపు అది ఒక నవలగా కనబడింది. 1961లో ఐబీఎమ్‌లో పనిచేసే రోల్ఫ్ లాండవర్ ఇంకాస్త లోతుకి పోయి, ఒక్క బిట్ సమాచారాన్ని చెరపాలన్నా ఇంత అని కొంత వేడి పుట్టక తప్పదని లెక్క తేల్చాడు. మన యంత్రాలు ఆ కనీసానికి ఎన్నో రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తాయి. కానీ ఎంత తెలివైన యంత్రం చేసినా ఆ లెక్క సున్నాకి రాదు. మరచిపోవడానికి కూడా మండాలన్నమాట. కవులు చూసుకోవలసిన విషయం, నాకెందుకు.

నాకు కావలసింది దాని తర్వాతి ప్రశ్న. పని జరిగితే వేడి పుడుతుంది, సరే. ఆ వేడిని ఎవరు భరించాలి? నా హైదరాబాదు గదిలో ఏసీ చేసేది వేడిని చంపడం కాదు, గోడ అవతలికి నెట్టడం. గోడ అవతల సెక్యూరిటీ గార్డు కుర్చీ ఉంది.

నాన్న 1981లో బాయిలో ఫిల్లర్‌గా చేరాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. తట్టా చెమ్మస్ పట్టుకుని, పేలిన బొగ్గుని టబ్బుల్లోకి ఎత్తే పని. 2016లో దిగిపోయాడు. కింద ఎంత వేడిగా ఉండేదని ఆయన్ని నేను ఎప్పుడూ అడగలేదు. టాబ్లెట్ పుణ్యమా అని అడిగాను.

"వేడి కాదురా, ఉడకపోత" అన్నాడు.

ఆ తేడా ఆయన చెప్పేదాకా నాకు పట్టలేదు. పెట్టెలో వచ్చిన పుస్తకానికి తెలిసింది ఒకే ఒక్క వేడి. మనకి ఎండ వేరు, వడ వేరు, సెగ వేరు, కాక వేరు, ఉక్క వేరు. ఉక్క అంటే గాలిలో తేమ నిండి చెమట ఆరని వేడి. సైన్సులో దాన్ని కొలవడానికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు వాడతారు, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. మనిషి ఒళ్ళు 37 డిగ్రీలు. బయట 44 ఉంటే టాబ్లెట్‌కి లాగే మనకీ వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మనకున్నదీ దానికి లేనిదీ చెమట. చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఆరకపోతే మనమూ ఒట్టి రేకులమే. 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెట్ బల్బ్ 35 డిగ్రీలు దాటితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకి మించి బతకడం కష్టమని లెక్క కట్టారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద చేసిన ప్రయోగాల్లో, ఒళ్ళు తట్టుకునే హద్దు అంతకంటే కిందే ఉందని తేలింది. ఇక్కడా 35 రావడం కాకతాళీయం. టాబ్లెట్‌ది పొడి 35, మనిషిది తడి 35. రెండింటినీ కలిపేసి లెక్క చెబితే తప్పు. అయినా ఆ అంకె చూసినప్పుడు ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది.

నాకు తెలియని ఇంకో సంగతి నాన్న చెప్పాడు. బాయిలో మనిషికి ఒక అంకె ఉంది. నేను నమ్మక వెతికాను. 1957 బొగ్గు గనుల నిబంధనల్లో ఉంది. పనిచేసే చోట వెట్ బల్బ్ 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే సెకనుకి కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడేటట్టు చూడాలి. తాడు కట్టి గిరగిరా తిప్పే కొలత పరికరం పట్టుకుని మనిషి వచ్చేవాడట. ఉక్క ఎక్కువుంటే పరదా గుడ్డలు కట్టి గాలిని ఇటు మళ్ళించేవాళ్ళట.

"మరి ఎక్కువుంటే పని ఆపేవాళ్ళా?" అని అడిగాను.

"వాళ్ళు ఆపేదాకా ఎందుకు, మేమే ఆగేటోళ్ళం కాదు. టబ్బుకింత అని లెక్క. ఆగితే టబ్బు తగ్గె."

ఇది విని నేను కట్టుకున్న వాదం కొంచెం కూలింది. యంత్రానికి ఆగే హక్కుంది, మనిషికి లేదు అని ఒక చక్కటి వ్యాసం నా మనసులో అప్పటికే సగం తయారై ఉంది. కానీ మా నాన్నకి అంకె ఉంది, దాన్ని కొలిచే మనిషి ఉన్నాడు, యూనియన్ ఉంది. అయినా ఆయనే ఆగలేదు. టాబ్లెట్ ఆగితే దానికి పోయేదేమీ లేదు, చదివేవాడి పేజీ పోతుంది. ఆగిన నష్టం ఇంకొకరిది కాబట్టి అది హాయిగా ఆగుతుంది. ఆగినంతసేపటి కూలీ ఎవరిస్తారో తేలకుండా ఆగే హక్కు ఇస్తే అది కాగితం మీదే ఉంటుంది.

ఆ నెలలోనే ములకలపల్లి మండలంలో అడివి అంచున ఉన్న మేనత్త వాళ్ళ ఊరికి వెళ్ళాను. మా మరదలు అక్కడ ఉపాధి హామీ పనిలో మేట్. తెల్లారి ఆరింటికి చెరువు పూడిక పని మొదలవుతుంది. 2023 జనవరి 1 నుంచి అప్పుడు అమలులో ఉన్న నియమం ఏమిటంటే, పనికి వచ్చినవాళ్ళ ఫోటో మేట్ తన ఫోన్లో పొద్దున ఒకసారి, నాలుగు గంటల తర్వాత మళ్ళీ ఒకసారి తీయాల్సి ఉండేది. హాజరు దాని మీదే నడిచేది. నేను వెళ్ళేసరికి పదిన్నర దాటింది. నలభై మంది దాకా గట్టు మీద నిలబడి ఉన్నారు, తలల మీద తువ్వాళ్ళు, కొంగులు. మరదలి చేతిలో ఫోను కెమెరా తెరవనంటోంది. అదే వాక్యం. చల్లబడాలి.

"బావా, నువ్వు సాఫ్ట్‌వేరు కదా, ఇది ఎందుకిట్ల చేస్తది?" అంది.

ఎందుకో నాకు తెలుసు. పొద్దున ఆరు నుంచి ఎండలో ఉంది. పైగా అది అడివి అంచు. సిగ్నల్ దొరకని చోట ఫోను దూరంగా ఉన్న టవర్‌ని అందుకోవడానికి ఇంకా గట్టిగా అరవాలి, ఆ అరుపుకి ఇంకా వేడెక్కుతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టమన్నాను. తొడుగు తీసి, ఫోనుని తడిగుడ్డ మీద నీడలో పెట్టాం. ఫ్రిజ్‌లోనో మంచు మీదో పెట్టకూడదు, లోపల నీరు చేరుతుంది. గాలి తగిలే తడిగుడ్డ చాలు. ఒక రకంగా దానికి చెమట పోయించామన్నమాట.

అది చల్లబడేదాకా ఎవరూ ఇంటికి పోలేరు, ఫోటోలో ఉండాలి కదా. పని కూడా అప్పటికి అయిపోయింది. అందరూ వచ్చి ఇప్పచెట్టు కింద కూర్చున్నారు. నీళ్ళ డబ్బా తిరిగింది. ఎవరో తంబాకు తీశారు. అరగంట. పొద్దుటి నుంచీ వాళ్ళు ఒక్కసారిగా అందరూ కలిసి కూర్చున్నది అదే మొదలని మరదలు చెప్పింది. ఒక ముసలమ్మ ఫోను వంక చూసి, "ఇసొంటియి ఇంకో రెండు తెచ్చుకో పిల్లా, రోజూ ఇంతసేపు కూసుంటం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోను లేచింది. ఫోటో కోసం వాళ్ళు లేచి మళ్ళీ ఎండలో వరసగా నిలబడ్డారు, మొహాలు సరిగ్గా పడాలని తువ్వాళ్ళు తీసి.

ఆ ముసలమ్మ తెల్లారకముందే లేచి తునికాకు కోసి వచ్చిందట. ఆ పని ఏప్రిల్, మే నెలల్లోనే ఉంటుంది, ఆకు అప్పుడే పనికొస్తుంది కాబట్టి. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. సాయంత్రానికి కట్టలు కల్లానికి చేరాలి. ఆ చుట్టుపక్కల కోయ కుటుంబాలకి ఏడాదిలో చేతికి డబ్బు కనబడే రోజులవి. బాయిలో లాగా తాడు కట్టిన కొలత పరికరం పట్టుకుని తునికాకు అడివిలోకి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. 2015 మే నెలలో వడగాలులకి దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళు. అప్పుడు నేను నా మొదటి ఉద్యోగంలో ఉన్నాను. ఏసీ మరీ చల్లగా ఉందని ఫెసిలిటీస్ వాళ్ళకి మెయిల్ పెట్టినట్టు గుర్తు.

1785లో రాసిన ఒక పుస్తకంలో కాంట్ ఒక తేడా చెప్పాడు. ధర ఉన్న వస్తువు పోతే దానికి సమానమైనది ఇంకోటి తెచ్చి పెట్టొచ్చు. అలా పెట్టలేనిది ధరకి అతీతం, దానికి ఉన్నది గౌరవం, మనిషి అలాంటివాడు అని. కాలేజీ అయ్యాక ఎప్పుడో చదివి, గొప్పగా ఉందని గీత గీసుకున్నాను. ఇప్పచెట్టు కింద కూర్చున్నప్పుడు ఆ వాక్యం తలకిందులుగా కనబడింది. టాబ్లెట్‌కి ధర ఉంది. పాడైతే ఎవరో ఒకరికి అంత సొమ్ము నష్టం, అందుకే వేడి కొలిచే సెన్సర్లు దాని లోపలే పెట్టారు, హద్దు దాటితే ఆపే ప్రోగ్రాము రాశారు, పుస్తకంలో అంకె అచ్చేశారు. మనిషికి ధర లేదు. ఒకరు రాకపోతే రేపు ఇంకొకరు వస్తారు, తెచ్చి పెట్టినందుకు ఎవరికీ పైసా ఖర్చు లేదు. ధరకి అతీతం అని కాంట్ అన్న మాట మన దగ్గర ఉచితం అనే అర్థంలో అమలవుతోంది. టాబ్లెట్ ఆగడం దాని మీద ఎవరికో ఉన్న దయ అనుకోనక్కర్లేదు. అది ఆస్తి జాగ్రత్త. అదే జాగ్రత్త మనిషికి కూడా రావాలంటే మనిషికి కూడా ధర కట్టాలా? ఈ ప్రశ్న నాకు నచ్చలేదు. కానీ బాయిలో 33.5 అనే అంకె ఎలా వచ్చిందో ఆలోచిస్తే, మనిషి పోతే నష్టం ఎవరిదో కాగితం మీద తేల్చిన చోటే అలాంటి అంకెలు పుట్టినట్టు కనబడుతుంది. గౌరవం మీద నమ్మకంతో పుట్టిన అంకె ఒక్కటైనా నాకు ఇంకా దొరకలేదు. మీకెవరికైనా దొరికితే చెప్పండి, నా అభిప్రాయం మార్చుకోవడం నాకు సంతోషమే.

ఇంకో అభ్యంతరం మా టీము మిత్రుడొకడు తెచ్చాడు. 45 డిగ్రీలకి పనికొచ్చే టాబ్లెట్లు లేవా అంటే ఉన్నాయి. ఫ్యాక్టరీలకీ సైన్యానికీ చేస్తారు, లావుగా, బరువుగా, ఎంతో ఎక్కువ ధరకి. అందరికీ అవే ఇవ్వాలంటే నాన్నలాంటివాళ్ళకి అసలు టాబ్లెట్టే దొరకదు, ఏది నయం అని. నిజమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. అందరికీ లావు టాబ్లెట్ ఇవ్వకపోయినా, సెకనుకొకసారి అడిగే చోట అరనిమిషానికొకసారి అడగమని రాయడానికి పైసా ఖర్చు కాదు. దానికి కావలసిందల్లా రాసేవాడు ఒక మధ్యాహ్నం ములకలపల్లిలో నిలబడి ఉండటం.

హైదరాబాదు వచ్చాక ఆ పాత టికెట్ వెతికాను. దొరికింది. మళ్ళీ తెరిచి, సమస్య ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో, తప్పు ఎవరిదో మూడు పేరాలు రాశాను. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ఆ యాప్ వాడేవాళ్ళు ఇప్పుడు తక్కువ, ప్రయారిటీ తగ్గించి పెడదాం అన్నాడు. ఒక శనివారం కూర్చుని నేనే మార్చాను. నాలుగు లైన్లు. పరీక్షించడానికి ల్యాబ్‌లో ఏసీ ఆపమంటే కుదరదన్నారు, సర్వర్లున్నాయట. ట్యాబ్‌ని మా అపార్ట్‌మెంటు మేడ మీదికి తీసుకెళ్ళి, ఎండలో కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. అది ఆగలేదు. నేను మధ్యలో రెండుసార్లు కిందికి వచ్చి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఆ టికెట్ మొదట పంపిన మనిషికి కబురు వెళ్ళిందో లేదో చూశాను. ఆ ఖాతా మూసేసి ఉంది.

నాన్న తన ఏర్పాటు తను చేసుకున్నాడు. తొడుగు విప్పేసి అమ్మకిచ్చాడు, ఆమె అందులో కరెంటు బిల్లులు పెట్టుకుంటోంది. చార్జింగ్ రాత్రి పూటే. చదవడం తెల్లారి నాలుగున్నర నుంచి, ఫస్ట్ షిఫ్టుకి లేచే అలవాటు ఎలాగూ పోలేదు కాబట్టి. ఎనిమిదింటికి దాన్ని తీసి బియ్యం డ్రమ్ము పక్కన, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూలన పెడతాడు. మొన్న ఫోన్లో మాట్లాడుతూ నవల ఎంతవరకు వచ్చిందని అడిగాను. అయిపోవచ్చిందన్నాడు. తర్వాతది పంపించు, కానీ మరీ లావు పుస్తకం వద్దు, దానికి కష్టం అన్నాడు.